గుడ్డకి దిగిన నీలం

అరవై ఎనిమిది మోడల్ హెరాల్డు.
ఆర్.సి. పుస్తకంలో నీలం అని రాసి ఉంది.
కళ్లెదుట ఉన్నది మాత్రం
పలక తుడిచిన తడిగుడ్డ రంగు.

గాజువాకలో ఒకతను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు:
గీకేస్తాం, పుట్టీ పెడతాం, కొత్త రంగు కొడతాం,
ఆదివారానికి పెళ్లికొడుకుని చేసి ఇస్తాం.
సరే, ఆలోచిస్తానన్నాను.
తిరుగుదారిలో, కంచరపాలెం గేటు దగ్గర
ఫ్యాను బెల్టు తెగింది.
ఎదురుగా రేకులషెడ్డు. అందులో ఆసిరినాయుడు.

బెల్టు సంగతి వాళ్లబ్బాయికి ఒదిలేసి
ఆయన డిక్కీ ఎత్తాడు. రబ్బరు బీడింగు తప్పించాడు.
రబ్బరు కింద, ఎండ ఎన్నడూ చూడని చోట,
వేలెడు నీలం.
"సూడు బాబూ, ఇదీ దీని పుట్టు రంగు.
సచ్చిపోనేదు. మీద మసక కమ్మీసింది, అంతే."

పాలపిట్ట కూర్చున్నంతసేపూ మట్టిపిట్టే.
లేచి రెక్క విప్పాలి,
అది ఏం దాచుకుందో తెలియాలంటే.

మొదటిరోజు తుడవనే లేదు.
నూనెలాంటిదేదో పట్టించి రాత్రంతా వదిలేశాడు.
యాభై ఏళ్ల ఉప్పుగాలి, పోర్టు బొగ్గుపొడి,
హుద్‌హుద్ రాత్రి ఎవరింటి రేకో వచ్చి గీసిన గీత,
అన్నీ ఆ జిడ్డు కింద నానుతూ పడుకున్నాయి.
"దాహం మీదున్నోణ్ణి పరిగెట్టిస్తావేటి? ముందు తాగనీ."

రెండోరోజు పాత బనీను గుడ్డ.
సున్నాలు చుట్టకుండా, తిన్నగా,
కారు వెళ్లేటప్పుడు గాలి జారే దారిలోనే.
గుడ్డ తిరగేసి చూపించాడు.
నీలం!
నా గుండె జారింది. రంగు పోతోంది కదయ్యా!
"పోకుండా మెరుపెలాగొస్తాది?
మీద అద్దప్పొర లేదు దీనికి, ఉన్నదంతా ఒకటే పొర.
పైది తీసి లోపల్దాన్ని ఎండలోకి తెస్తన్నాం.
కొంత నా గుడ్డకి కూలి."

గూడ్సు వస్తే చెయ్యి ఆపేవాడు.
పట్టాల మీంచి లేచిన దుమ్ము ఒక్క రేణువు చాలట
పొద్దుటి నుంచి చేసింది గీతలపాలు కావడానికి.
యాభై ఎనిమిది వ్యాగన్లు. ఒక బీడీ.
కబుర్లు లేవు.

మూడోరోజు, బానెట్టు ఎడమ అంచున
అరచెయ్యంత మేర దగ్గర గుడ్డ నిలిచిపోయింది.
నీలం పల్చబడి కిందనుంచి ఎర్రమందు తొంగిచూస్తోంది.
"ఇక్కడెవరో మోచెయ్యి ఆన్చీవోరు. రోజూ. శానా ఏళ్లు."

నేనేం చెప్పలేదు ఆయనకి
జ్ఞానాపురం ఫిలోమిన టీచరు గురించి.
బడి వదిలాక లాసన్స్ బే రోడ్డున కారాపి,
బానెట్టు మీద లెక్కల పుస్తకాలు పరిచి,
కాగితాలు సముద్రగాలికి ఎగరకుండా మోచేత్తో అదిమి
చీకటిపడేదాకా దిద్దేదట.
తాళాలిస్తూ ఆమె మేనల్లుడు నవ్వుతూ అన్నాడు.
ఆయనకది వేళాకోళం.

"ఇక్కడ రుద్దితే ఎర్రబడిపోద్ది బాబూ.
టచప్పు కావాలంటే ఇంకెక్కడైనా సెయ్యించుకో. నాను ముట్టను."
ముట్టొద్దన్నాను.
అయినా వెళ్లబోతూ వెనక్కొచ్చి
దానిమీద కాస్త మైనం పూశాడు,
వేడి పాలు ఊదినంత మెల్లగా.

నాలుగోరోజు షెడ్డు బయటికి తోశాం.
గేటు పడి ఆగిన ఆటోవాళ్లు దిగివచ్చి చూశారు.
వాళ్లలో ఒక కుర్రాడు
తలుపులో తనని చూసుకుని జేబులోంచి దువ్వెన తీశాడు.

"మరి పదేళ్లదాకా ఎవర్నీ రుద్దనీకు.
ఇంకో రెండుసార్లకి మించి నేదు దీంట్లో."
డబ్బులిస్తూ ఆ గుడ్డ అడిగాను.
వింతగా చూసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు.

సాయంత్రానికల్లా బొగ్గుపొడి మళ్లీ వాలుతుంది.
ఊదుతాను, తుడవను.
సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఒక్కోసారి
డాష్‌బోర్డు అరలోంచి ఆ గుడ్డ తీసి చూస్తాను.
కారు మీది నీలం కంటే
గుడ్డలో నీలమే చిక్కగా ఉంటుంది.