ఎడమచేతి గ్లౌజు

బ్లైనై ఫెస్టీనియొగ్‌లో వాన పడదు,
కాపురం ఉంటుంది.
పలకరాతి కప్పుల మీద, పలకరాతి గుట్టల మీద.
రాసి చెరిపేసిన పలకలాంటి ఆకాశం కింద
మా షెడ్డు.

ఈ పొద్దున మళ్ళీ వచ్చింది ఆ మినీ.
లేత నీలం, అరవై రెండు నాటిది.
గుమ్మం ముందు రెండుసార్లు తుమ్మి
ఊరుకుంది.

తుడుర్ దిగాడు.
దిగడం అనకూడదు, విచ్చుకున్నాడు.
ఆరడుగుల మూడంగుళాల పోస్టుమాను,
మడతమంచంలా ఒక్కో కీలూ తెరుచుకుంటూ.
ఇంత మనిషి అందులో ఎలా పట్టాడా అని
రోడ్డు దాటబోతున్న పిల్ల ఆగి చూసింది.
పడతాడు. ఇంకో ముగ్గురు పడతారు,
ఓ గొర్రెపిల్ల కూడా. నేను చూశాను.

"తడిసింది" అన్నాడు,
బిడ్డకి ఒళ్ళు వెచ్చబడిందని చెప్పే గొంతుతో.

దీన్ని గీసినవాళ్ళు గట్టివాళ్ళే.
చక్రాల్ని నాలుగు మూలలకీ తోసేశారు,
ఇంజన్ని అడ్డంగా తిప్పారు,
తలుపు లోపలి గొళ్ళేనికి ఓ తాడు కట్టి సరిపెట్టారు.
అన్నీ ఆలోచించి
వానల దేశంలో పుట్టి పెరిగి
వానని మర్చిపోయారు.
నిప్పురవ్వల్ని పంచిపెట్టే నల్ల మూతని
సరిగ్గా ముందు జాలీ వెనకే పెట్టారు.
ఎదురుగాలి ఉమ్మిన ప్రతి చుక్కా దాని మొహానే.

కొన్న ఏడే, అక్టోబరులో,
మంత్రసాని ఎలునెద్ ప్రిట్చార్డ్
కొండదారి నడినెత్తిన ఆగిపోయింది.
కొండ కవతల ఒకావిడకి నొప్పులు.
మా పెదనాన్న ఇద్వాల్ లాంతరుతో వెళ్ళి
బానెట్ ఎత్తి, లోపలికి చూసి
"నీ గ్లౌజొకటి ఇటివ్వు" అన్నాడట.
అయిదు వేళ్ళ కొసలూ కత్తిరించి
నాలుగు ప్లగ్గుల తీగలు నాలుగు వేళ్ళ లోంచి
కాయిల్ తీగ బొటనవేలి లోంచి లాగి
మణికట్టు దగ్గర మూతకి తొడిగాడు.
ఆమె వెళ్ళింది.
ఆ రాత్రి పుట్టినవాడు పెద్దయి
మాకు పెట్రోలు బాకీ పడ్డాడు, అది వేరే సంగతి.

అరవయ్యేళ్ళు దాటింది. పదకొండు గ్లౌజులు.
రబ్బరు ఎండుతుంది, వేళ్ళ సందున చిట్లుతుంది,
మారుస్తాం.
ఇప్పుడు వాడేవి అంట్లు తోముకునే పసుపుపచ్చవి.

నిరుడు చెస్టర్ నించి ఒకాయన వచ్చాడు,
బూట్లకి మట్టంటని మనిషి.
మోకాళ్ళ కింద రుమాలు పరిచి తుప్పు వెతికాడు,
లేదని సంతోషించాడు.
బానెట్ ఎత్తి నవ్వాడు:
"ఇది పీకేసి అసలుది పెట్టిస్తాను."
తుడుర్ ఏమీ అనలేదు,
బానెట్ దించేశాడు.
ఎంత ఇస్తానన్నాడో నేను అడగలేదు.

ఎందుకయ్యా ఇంత మోజు అని మాత్రం
ఓసారి అడిగాను.
టీ చల్లారేదాకా ఆలోచించి
"హీటరు పనిచెయ్యదు" అన్నాడు.

షెడ్డు గోడకి మేకుల వరస.
జతలో మిగిలిన కుడిచేతులు
పెదనాన్న పారెయ్యలేదు, నేనూ పారెయ్యలేదు.
మొదటిది నర్సమ్మది.
గోధుమరంగుకి తిరిగి, బిర్రబిగిసి
ఎవరికో చెయ్యి ఊపబోయి
మానుకున్నట్టుంటుంది.
"అవీ సరిపోతాయి కదా?" అంటాడు తుడుర్
వచ్చిన ప్రతిసారీ.
సరిపోతాయి.
నేను కొత్త జత విప్పుతాను.

కత్తెర. అయిదు కొసలు నేల మీద,
పసుపుపచ్చ గోళ్ళలా.
తీగలు ఒక్కొక్కటే దారి కనుక్కుంటాయి.
పన్నెండో కుడిచేతిని పన్నెండో మేకుకి తగిలించి
చేతులు తుడుచుకున్నాను.

ఒక్క చేత్తో చప్పట్లు మోగవంటారు.
ఒక చెయ్యి ఇంజన్లో, ఒక చెయ్యి గోడ మీద,
మధ్య ఇంత వాన.

తుడుర్ మళ్ళీ మడతపడి లోపల కూచున్నాడు.
తాళం తిప్పి
సీట్ల మధ్య నేల మీది బొత్తాం
వేలితో నొక్కాడు.

మోగింది.