చిటిక

తంబోపాతా నది మలుపులో పడవ దిగి
మూడు వందల అడుగులు వేస్తే,
తేమకు ఉబ్బిన చెక్క వంతెన పక్కన
నా బతుకుతెరువు ఉంది.
నువ్వుగింజంత సాలీడు.

దీని వల తీరుగా పరుచుకుని ఉండదు.
నట్టనడుమ పట్టుకుని వెనక్కి గుంజుతుంది,
గాలికి తిరగబడ్డ గొడుగయ్యేదాకా.
వెనక పుల్లకు కట్టిన ఒకే ఒక్క దారం.
దాన్ని జానెడు జానెడుగా లాగి
మిగిలిన పోగును కాళ్ళ మధ్య చుట్టపెట్టుకుని
అట్లాగే బిగబట్టి ఉంటుంది.
గంట. రెండు గంటలు. అంతకన్నా ఎక్కువే.
వడిసెలా అదే, అందులో రాయీ అదే,
విసిరే చెయ్యి కూడా.

దోమ వస్తుంది.
వలను తాకనక్కర్లేదు, రెక్కల రొద చాలు.
కాళ్ళు పట్టు వదిలేస్తాయి.
అంతకుముందు గొడుగు.
ఆ తర్వాత వణుకుతున్న వల, అందులో దోమ.
మధ్యలో జరిగింది
మనుషుల కళ్ళకు రాసిపెట్టి లేదు.

నాకు తెలిసిన గుట్టు ఒకటుంది:
దోమకీ నా వేళ్ళకీ దీనికి తేడా తెలియదు.
టోపీలవాళ్ళను చుట్టూ నిలబెట్టి
చిటిక వేస్తాను.
దూకుతుంది.
"ఆ!" అంటారు. ఇంకోసారి అంటారు.
"ఎలియోదోరో, నీ వేళ్ళలో మంత్రముంది" అని
నోట్లు చేతిలో పెడతారు.
రోజుకు నాలుగు పడవలు.

ఒకనాడు వంటమనిషి ఎర్మెలిందా వెంట వచ్చింది,
హువానే పొట్లాలకు బిహావో ఆకులు కోసుకోవడానికి.
ఆమె "ఆ" అనలేదు.
ఖాళీ వలను చూసింది.
సాలీడు వెనుదిరిగి పుల్లవైపు నడవడం,
మళ్ళీ ఆ దారం, మళ్ళీ గుంజడం
చివరిదాకా చూసింది.
"ఈ పూట ఎన్నిసార్లు పిలిచావు దాన్ని?"
లెక్క చెప్పలేకపోయాను.
"పిలిచి, ఏం పెట్టావు?"
ఆకుల కట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నుదుటి దీపం పెట్టుకుని
ఒక్కణ్ణే వచ్చాను.
చొక్కా చేతులు పైకి మడిచి
వల పక్కన ముంజేయి చాపాను.
దోమలు నా నెత్తురు వాసనకు వచ్చాయి.
మోచేతి దగ్గర ఒకటి వాలింది. కుట్టింది.
కొడితే చప్పుడవుతుంది.
పళ్ళు బిగించి ఊపిరి ఉగ్గబట్టాను.
అది అక్కడ, నేను ఇక్కడ.
ఎంతసేపో తెలియదు.

రెప్ప వేశాను.
వల వణుకుతోంది.

అంతే, నాకు దొరికింది ఆ వణుకే.
సాలీడు మాత్రం ఈసారి వెనక్కి నడవలేదు,
పొట్లం కట్టుకుంటోంది.

పొద్దున తొమ్మిదింటికి మొదటి పడవ.
రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని
వాళ్ళకు ఏం చెప్పాలో
ఇంకా తోచలేదు.