ఒగ్గీసే ముందు

పోర్టు గ్రౌండులో నాలుగోసారీ
డిస్క్ వలకే తగిలింది.
"చెయ్యి కాదే, నడుము!" అప్పలసూరి సార్ కేక.

నడుమంటే నాకు మా అయ్య.
జాలారిపేట ఒడ్డున, మోకాటి లోతు నీళ్లలో
విసురువల అంచు పంట కరిచి
సముద్రానికి వీపు కనబడేంత మెలి తిరిగి
ఒక్క క్షణం ఉండిపోతాడు.
అప్పుడతన్ని పిలవకూడదు.

మడమ, తొడ, నడుము, భుజం
ఒకదాన్నొకటి తరుముకొస్తాయి,
చెయ్యి అన్నిటికన్నా ఆఖర్న.
వల గాల్లో గుండ్రంగా విచ్చుకుంటుంది.

"ఇసరడంలో ఏటుందే గుంటా,
మెలి ఎంతసేపు ఓర్సుకున్నావో అదే బలం.
ఆనక ఒగ్గీడమే."

ఐదోసారి.
గ్రౌండునే సముద్రమనుకుని వీపు తిప్పాను.
వెనక పిల్లలెవరో నవ్వుతున్నారు.
పళ్ల మధ్య ఏమీ లేదు,
అయినా నోరంతా
ఉప్పగా ఉంది.