ఆ చివర ఒకరు

మూడు రోజులుగా మా అక్క కూతురు రాన్‌వా
లేని కంప్యూటర్‌ని బాగుచేస్తోంది.
ఉన్న కంప్యూటర్ లోపల ఆట,
ఆటలో కొండ, కొండలో గది,
గదిలో బూడిదరంగు పెట్టె.
దానికి దాని తెర, దాని ఫ్లాపీ, దాని మొండితనం.
వంటింట్లో బంగాళాదుంపలు చల్లారిపోయాయి.
క్లాక్స్‌విక్ మీద వాన అడ్డంగా కురుస్తోంది,
మా దీవుల్లో వానకి
నిలువుగా పడడం ఎవరూ నేర్పలేదు.

నాకు చెప్పింది,
అర్థమవుతుందని కాదు, గోడకి చెప్పలేక:
ఈ గదిలోంచి ఏడు ఫైళ్లు బయల్దేరాలి,
నీళ్లకవతల ఇంకో దీవిలో, ఇంకో పెట్టెలో దిగాలి.
తలుపు, దీపం, గంట, లిఫ్టు,
పట్టాలు, గేటు, కాపలా.
తను రాసిన స్క్రిప్టు వాటిని మోసుకెళ్తుంది,
"పూర్తయింది" అని కూడా అంటుంది.
వెళ్లి చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

మొదటి రోజు ఒక గీత దొరికింది.
ఇరవైమూడో వరుసలో ఉండాల్సిన వాలుగీత లేక
సంచి పేరూ సరుకు పేరూ అతుక్కుపోయి
ఎవరూ ఎరగని మూడో పేరైంది.
రెండో రోజు తెలిసింది:
"పూర్తయింది" అన్నది అబద్ధం కాదట,
చేరాయా అని దాన్నెవరూ అడగలేదట, అంతే.
అడిగే వరుస ఒకటి రాసింది.
అప్పట్నుంచి పెట్టె నిజం చెబుతోంది:
జవాబు లేదు. జవాబు లేదు. జవాబు లేదు.

ఈ రోజు విసుగెత్తి
స్క్రిప్టుని నడవనిచ్చి తను పడవెక్కింది.
నడినీళ్లలో ఉన్నంతసేపే
తలుపు చేరింది, దీపం చేరింది, గంట చేరింది.
వెనక ఒడ్డు మసకబారగానే
లిఫ్టు నీళ్లపాలు.

"అక్కడ మనిషి లేకపోతే
ఆ చోటు నిద్రపోతుంది మామా," అంది నెమ్మదిగా,
తనకి తనే చెప్పుకుంటూ.
"నేనిక్కడుంటే అది నిద్ర, అక్కడుంటే ఇది నిద్ర.
స్క్రిప్టులో తప్పేం లేదు."

ముప్ఫైయొక్క ఏళ్లు ఫెర్రీ మీద మోకు విసిరినవాణ్ణి.
"రేవులో పట్టేవాడు లేకపోతే
ఎంత బాగా విసిరినా తాడు తడవడమే," అన్నాను.
ఊరికే అన్నాను.
నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు,
వాళ్లమ్మ బిర్నాది.
"నువ్వు నిలబడతావా?"

పాత లాప్‌టాప్ నా ఒళ్లో పెట్టింది.
నాకో చదరపు తల ఇచ్చింది, పసుపు కోటు ఇచ్చింది.
రెండుసార్లు నీళ్లలో పడ్డాను,
ఒకసారి గొర్రెని కొట్టాను, అది నన్ను క్షమించలేదు.
చివరికి ఆ పెట్టె పక్కన నిలబెట్టి
"ఇక ఏ బటనూ ముట్టుకోకు" అంది.

ముట్టుకోలేదు.
ఆటలో పొద్దుగూకింది. ఎక్కడో ఎముకలు నడిచిన చప్పుడు.
బాణం ఒకటి చెవి పక్కనుంచి పోయింది,
భుజంలో ఇంకొకటి.
"కదలొద్దు మామా!"
తుపానులో రేవు మీద నిలబడ్డవాడికి
ఎముకలోళ్లొక లెక్కా.

తెర మీద ఒక్కో మాట దిగింది.
లిఫ్టు.
పట్టాలు.
గేటు దగ్గర కాసేపు ఆగింది,
పక్క గదిలో రాన్‌వా ఊపిరీ ఆగింది,
నాకు వినబడింది.
గేటు.
కాపలా.
నా వెనక దీపం దానంతటదే వెలిగి
పసుపు కోటు మరీ పసుపైంది.

పక్క గదిలో అరుపు, కుర్చీ పడిన చప్పుడు,
ఆ తర్వాత బంగాళాదుంపలు వేయిస్తున్న వాసన.
ఒకరి నవ్వు, ఇంకొకరి కసురు.

నేనింకా అక్కడే ఉన్నాను,
భుజంలో బాణంతో, గొర్రె పక్కన.
ఇక చాలని
నాకెవరూ చెప్పలేదు మరి.