అరిగిన చోటు

సాయంత్రమైతే చాలు, గ్రౌండు గోడ కాడ
నా గొడుగు కింద పంచాయితీ పెడ్తారు పిల్లోల్లు.
"తాతా, మన కాలేజీ టీములో
మొదట్నుంచీ ఇప్పటిదాకా
అందరికన్నా పెద్ద ప్లేయరు ఎవరు?
ఒక్క పేరే చెప్పల్ల."

ఒక్క పేరంట!
నేను ఆట చూసింది ఎప్పుడప్పా?
గోడకు ఈ పక్క కూర్చున్నోన్ని.
గోలంటే నాకు అరుపు,
ఓటమంటే ఆ అరుపు రాకపోవడం.
నేను చూసినవి బూట్లు.

పీరా సాబు కాలంలో బంతి తోలుది.
మా నాయన పక్కన దారానికి మైనం రాసే వయసు నాది.
వాన పడితే రెండు శేర్ల నీళ్లు తాగి
గుమ్మడికాయంత బరువయ్యేది బంతి.
కుట్టు మీద తల పెట్టి కొట్టినాడంటే
నొసటి మీద మా దారం అచ్చు పడేది.
నమాజు మచ్చ ఒకటి, బంతి మచ్చ ఒకటి,
రొండూ పక్కపక్కనే.
బూటులో మేకు లేచి అరికాల్లో దిగితే
ఆట మధ్యలో కుంటుకుంటా వచ్చి
"పీకురా ఓబులేసూ, బిరీన" అనేవాడు.
ఆ మేకు ఇప్పటికీ డబ్బాలో ఉందేమో, వెతకల్ల.

"ఎన్ని గోల్సు కొట్టినాడు?" ఫోనున్న పిల్లోడు.
నాకేం తెలుసు నాయనా,
మేకులైతే చెప్తా.

ఆ తర్వాత మద్దిలేటి, సుంకన్న. అన్నదమ్ములు.
ఇద్దరికీ కలిపి ఒక్క జత.
కుడిది అన్నకు, ఎడమది తమ్మునికి,
రెండో కాలికి గుడ్డపీలిక.
అన్న కుడికాల్తోనే తన్నె,
తమ్ముడు ఎడంకాల్తోనే తన్నె,
కర్నూలంతా 'ఏం ఒడుపు, ఏం ఒడుపు' అని మెచ్చుకొనె.
ఒడుపు కాదప్పా, ఇంకో జతకు దుడ్లు లేక.
వాల్లను ఒకరని లెక్క పెట్టల్నా, ఇద్దరనా?

ఇప్పటోల్ల బూట్లు ఈకంత బరువు.
పీరా సాబుకు ఇవి తొడిగింటే?
ఈ అఫ్రోజుకు ఆ తడిసిన బంతిచ్చింటే?
దీని మీదే గొంతులు చించుకుంటారు.
కందిబేడలు శేరుతో కొలిచి
గుడ్డను గజంతో కొలిచి
ఏది ఎక్కువంటే ఏం చెప్పేది?

"ఫోటోలుంటాయి గదా తాతా?"
ఉండె. ఆఫీసు రూములో, గాజు బీరువాలో.
తుంగభద్ర ఊర్లోకొచ్చిన ఏడు
మూడు దినాలు నీళ్లలో నానినాయి.
బురద కడిగి ఎండకేస్తే
ఫ్రేములు మిగిలినాయి, మొగాలు కొట్టుకపోయినాయి.
ఒక కాగితం మూలన మాత్రం
మోకాలి కింద నుంచి ఒక కాలు.
ఎవరిదో అని తలకాయలు గోక్కుంటాంటే
బూటు చూసి చెప్తి: డేవిడ్రాజుది.

వాని పేరు వీల్లెవురూ ఎత్తరు.
బ్యాకు. ఒక్క గోలు కొట్టినోడు కాదు.
అందరి బూట్లూ బొటనేలు కాడ అరుగుతాయి,
వానివి మడమ కాడ.
వచ్చేవాని మీంచి చూపు తీయకుండా
వెనక్కి వెనక్కి పరిగెత్తేవాడంట.
నాలుగేండ్లలో పద్నాలుగు సార్లు మడమలు మార్చినా.
వెనక్కి పరిగెత్తినోని లెక్క
ఏ బోర్డు మీద రాస్తారు?

నిన్న రేణుక వచ్చింది, అమ్మాయిల టీము.
పంచాయితీ సందులోంచి చేయి చాపి
"తాతా, అంటించు, అయిదు నిమిషాల్లో ఆట" అనె.
తిప్పి చూస్తి.
ముందర కొత్తదాని మాదిరే ఉంది.
మడమ మాత్రం...
లోపలి వైపు కొంచెం ఎక్కువ.
వేలితో తడిమి చూస్తి. మళ్లీ చూస్తి.
"ఏం తాతా, పనికిరావా?"
"పనికొస్తాయి లేమ్మా."

పిల్లోల్లు ఇంకా అరుస్తానే ఉండారు,
పీరా అని ఒకడు, అఫ్రోజు అని ఒకడు.
గమ్ము డబ్బా పక్కన పెట్టి
సూదీ దారం తీస్తి.
ముప్పై ఇయ్యబోతే పది వాపసిస్తి.
ఆ యమ్మి ఉరికింది గోడకు ఆ పక్కకు.

చెవి అటే పెట్టి కూర్చున్నా.
చానా సేపయ్యింది.
అవతలోల్ల అరుపు ఒక్కటీ రాలేదు.