జారుముడి

నేను పందిళ్ళు కట్టేవాణ్ణి.
పెళ్ళికి నాలుగు వైపులా గెడలు, చావుకి రెండు,
నూకాలమ్మ పండక్కి ఎన్నంటే అన్ని.
ఆ ఏడు ఏ పందిరీ లేదు.
కార్పొరేషన్ లారీ వచ్చి
కొట్లో ఉన్న గెడలన్నీ ఎక్కించుకుంది,
వాటిమీద నన్ను కూడా.

పని సులువే.
సందు మొదట్లో రెండు నిలువు, మూడు అడ్డం,
కొసకి ఎర్రగుడ్డ పీలిక.
పూర్ణా మార్కెట్ వెనకనుంచి జాలారిపేట దాకా
నాలుగు రోజుల్లో ఇరవై ఎనిమిది సందులు కట్టాను.
గెడకింత అని సూపర్వైజరు రాసుకున్నాడు.
లోపల ఉండిపోయినవాళ్ళ లెక్క
ఇంకెవరో రాసుకునే ఉంటారు.

ముడి వేస్తుంటే అవతలనుంచి చూసేవారు.
మొదటిరోజు ఎవరూ తిట్టలేదు.
ఒక పిల్ల మాత్రం అడిగింది:
"పెళ్ళెవరికి మావా?"

డాల్ఫిన్ కొండకి అవతల
ఓ ఓడ లంగరేసుకుని ఉంది, పసుపు జెండాతో.
రోగం ఉందేమో అనుకున్నాను.
పోర్టులో కలాసీ చేసే మా బావమరిది నవ్వాడు:
"కాదురా, అది అడగడం.
మేం బాగానే ఉన్నాం, లోపలికి రానివ్వండి అని."
రోజూ అడుగుతూనే ఉంది ఓడ.
గాలి లేనప్పుడు అడగడం మానేసేది.

రాత్రుళ్ళు ముడులు చూసొచ్చే పని కూడా నాదే.
మూడింటికి, చీకట్లో,
తెడ్డు కాసులమ్మ గెడకి అవతల నిలబడి ఉంది
ఖాళీ గంపతో.
"బావూ, ఆ ఓడ కడుపులో మూణ్ణెల్ల బియ్యముంటాయి.
నాకేటున్నాయి?
గంటసేపు. హార్బరుకెల్లి గంప నింపుకుని వొచ్చీత్తాను.
నా గుమ్మానికి కాయితం అంటించినారు, సరే.
నా కాళ్ళకి కూడా అంటించినారేటి?"

నా దగ్గర జవాబు ఉంది.
మూడు వారాలకి ముందు
మా తమ్ముడు దానయ్య ఛాతీ ఆసుపత్రిలో పోయాడు.
అద్దం ఇవతలనుంచి చూశాను.
వాడు చెయ్యి ఎత్తబోయాడు,
సగంలో ఏం గుర్తొచ్చిందో, దించేశాడు.
ఆ వీధికి ఒక్క గెడ ముందే కట్టి ఉంటే అని
నిద్రలో కూడా ముడులు వేసేవాణ్ణి.
కట్టాల్సిందే అని నమ్మాను.
ఇప్పటికీ నమ్ముతాను.

ఇదంతా ఆవిడకి చెప్పలేదు.
చేతులకి వేరే బుద్ధి ఉంటుంది.
కింది గెడ దగ్గర మోకుముడి విప్పి
జారుముడి వేశాను.
వేసి, అటు తిరిగి బీడీ ముట్టించాను.
వెనక వెదురు కిర్రుమంది.

తెల్లారాక చూస్తే
పై గెడమీద పసుపుచీర ఆరేసి ఉంది.
సూపర్వైజరు తీయించమన్నాడు.
తడిగా ఉంది సార్, ఆరనివ్వండి అన్నాను.

ఎనిమిదో రోజు కోటవీధిలో
కుట్టుమిషను గౌస్ సాయెబు జొరంతో పడిపోయాడు,
పదకొండో రోజుకి లేడు.
ఆయన చేపలు కొన్నాడా?
కొంటే ఎవరి గంపలోవి?
అంతకుముందే కుళాయి దగ్గర దగ్గాడని ఒకరు,
కాదు, మందుల షాపు క్యూలో అని ఒకరు.
కాసులమ్మకి ఒక్క తుమ్ము కూడా రాలేదు.
అయినా నేను ఆ ముడినే తిరిగి తిరిగి విప్పుకుంటాను.
మా పెళ్ళి చొక్కాలు కుట్టింది ఆయనే,
నాదీ, దానయ్యదీ.

ఓడ ఎప్పుడు లోపలికొచ్చిందో చూడలేదు.
గెడలు మాత్రం నేనే విప్పాను.
కొన్ని చోట్ల పిల్లలు ఊయల కట్టుకున్నారు వాటికి,
తీయొద్దని ఏడ్చారు.

మళ్ళీ పందిళ్ళే కడుతున్నాను.
ఆఖరి ముడి దగ్గర చెయ్యి కాస్త ఆగుతుంది,
కుర్రాళ్ళు వయసంటారు.
ఎప్పుడైనా బజార్లో ఎదురైతే
కాసులమ్మ రెండు కవళ్ళు ఎక్కువే వేస్తుంది.
ఏమీ అనదు. నేనూ ఏమీ అనను.
ఇంటికొచ్చి కూర తింటాను,
లేని ముల్లుని
నాలుకతో వెతుక్కుంటూ.