శబ్దం లేదు

వాగా వాగాలో, బేలిస్ వీధి మేడ మీద
మా వినికిడి పరీక్షల గది.
గోడలకు స్పాంజి, తలుపుకు రెండు పొరలు.
గ్రేమ్ టాలిడే గారికి డెబ్బై తొమ్మిది.
"చప్పుడు వినబడితే మీట నొక్కండి" అన్నాను.
"నా ఉద్యోగమే అదమ్మా" అన్నారు.

ఐక్యరాజ్యసమితి నీలం టోపీ,
బైనాక్యులర్స్, గళ్ళ నోటుబుక్కు.
తుపాకీ ఇవ్వలేదు.
రెండు దేశాల మధ్య గుట్ట మీద కూర్చుని
ఎవరు ఎన్నిసార్లు కాల్చారో
గంట, నిమిషం వేసి రాయడం.
ఆ కాగితాలు న్యూయార్కు వెళ్ళేవి.
అక్కడెవరైనా చదివారో లేదో
ఆయనకి ఇప్పటికీ తెలీదు.

"రాస్తే ఆగిందా?" అన్నాను
ఉండబట్టలేక, కుడి చెవికి గొట్టం సర్దుతూ.

"ఆగలేదు.
కాకపోతే, మేం చూస్తున్నామని తెలిస్తే
కాస్త సిగ్గుపడి కాల్చేవాళ్ళు.
ఆ సిగ్గు సందులోంచే
ఒక ముసలామె మేకల్ని తోలుకుని వాగు దాటేది.
పదకొండు మేకలు.
ఒక సాయంత్రం మేకలు మాత్రమే వచ్చాయి.
అదీ రాశాను."

తలుపు వేశాను.
సన్నటి కూతలు ఆయన దాకా చేరలేదు,
కిటికీ మీద పిట్ట అరిచినా అంతేనట.
బొంగురు మోతలకు మాత్రం
వేలు నాకన్నా ముందే కదిలేది.

చివర్లో నేనేమీ వినిపించని అర నిమిషం.
మీట నొక్కారు.

"ఇప్పుడేం లేదండీ" అన్నాను మైకులో.

అద్దం అవతల తల ఊపారు.
"తెలుసు. రాసుకో.
గంట, నిమిషం వేసి."